నాలుగో గదికి దరఖాస్తు

మా ఆయన గురించి ఊళ్లో ఎవరినడిగినా నిప్పులాంటి మనిషి అంటారు. నిప్పుతో కాపురం చేసేవాళ్లను మాత్రం ఎవరూ అడగరు.

ఆయన గొడుగుల పెద్దాయన పెట్టిన ఫౌండేషన్‌లో పనిచేస్తారు. పెద్దాయన గొడుగుల ఫ్యాక్టరీతో బాగా సంపాదించారు. పిల్లల్లేరు. చివరికి ఆస్తంతా నలుగురికీ పనికొచ్చేలా రాసేశారు. చదువుకునే పిల్లలకు ఫీజులు కడతారు, సొంతంగా పని మొదలుపెట్టేవాళ్లకు పనిముట్లు కొనిస్తారు, పేటలో ఒక లైబ్రరీ నడుపుతారు. అన్నిటికంటే పేరొచ్చింది మాత్రం గదుల వల్ల. పాత ఫ్యాక్టరీ ముందు భాగాన్ని విడగొట్టి, వీధి వైపు తలుపులు పెట్టి ఎనిమిది గదులు చేశారు. చేతిలో విద్య ఉండి కొట్టు పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ఒక్కో గది రెండేళ్లు ఉచితం. ఆ రెండేళ్లలో కాళ్ల మీద నిలబడి, బయట చోటు చూసుకుని, గది ఇంకొకరికి వదలాలి. ఇప్పుడు ఊళ్లో పేరున్న బేకరీ, కళ్లద్దాల కొట్టు, బడి బ్యాగులు కుట్టే ఇద్దరు వదినా మరదళ్ల వ్యాపారం, అన్నీ ఆ గదుల్లో కళ్లు తెరిచినవే.

వాళ్లందరి దరఖాస్తులూ రాసింది మా ఆయన. రాయడం రానివాళ్లుంటారు, వచ్చినా ఏం రాయాలో తెలియనివాళ్లుంటారు. అందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా అడిగి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయనే నింపుతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఎదుటి మనిషి మనసులో ఏముందో ఆయనలా రాబట్టేవాళ్లు లేరని చెప్పుకుంటారు. ఇంట్లో ఆ విద్య ఎప్పుడూ బయటపెట్టలేదు, అలసిపోయి వస్తారు కాబోలు.

నేను కుట్టుమిషన్ల మెకానిక్‌ని. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆడపిల్లకి ఈ గ్రీజు పనేమిటని మా మేనత్త ముక్కు విరిస్తే, దీనికి చెవి ఉంది, మిషను ఏం చెబుతోందో దీనికి వినిపిస్తుంది అనేవారు నాన్న. నిజమే, నాకు వినిపిస్తుంది. దారం తెగుతుంటే ఒక చప్పుడు, బెల్టు జారుతుంటే ఒక చప్పుడు, లోపల కింది దారాన్ని ఆడించే షటిల్ అరిగితే ఇంకో చప్పుడు. తలుపు అవతల నుంచి విని రోగం చెప్పగలను. పెళ్లయి వచ్చినప్పుడు నాతో ఒక పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాను. వంటగది పక్కన, కిటికీ కింద, బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య ఉన్న జానెడు చోటులో దాన్ని పెట్టుకుని కూర్చున్నాను. ఇరవయ్యారేళ్లయింది, ఇంకా అక్కడే కూర్చున్నాను.

నాకు నాలుగో గది కావాలి.

ఎనిమిదింటిలో నాలుగోదే ఎందుకంటే, దానికి పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురొచ్చే పెద్ద కిటికీ ఉంది. నేల బండరాయి, ఎంత బరువు పెట్టినా అదరదు. గోడకు ఆ చివర నుంచి ఈ చివరకు ఇనుప కొక్కేలు, ఒకప్పుడు గొడుగు పిడులు తగిలించినవి. బెల్టులన్నీ సైజుల వారీగా వాటికి తగిలించాలని నేను పెళ్లయిన కొత్తలోనే అనుకున్నాను. బల్ల ఎక్కడ, దీపం ఎక్కడ, వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ ఎక్కడ, అన్నీ అనుకున్నాను. బయట బోర్డు మీద నా పేరు, దాని కింద ‘మెకానిక్’ అని ఒకే మాట. కూరగాయలకు వెళ్లినా చుట్టూ తిరిగి ఆ వీధిలోంచే వచ్చేదాన్ని. ఆ గదిలో ఒకసారి సబ్బులు తయారుచేసే ఆవిడ, ఒకసారి తాళాలవాడు, ఒకసారి గాజు మీద బొమ్మలు చెక్కే అతను ఉన్నారు. ఎవరికీ ఆ కొక్కేలను వాడుకోవడం రాలేదు. ఒకతనైతే వాటికి తడి తువ్వాళ్లు ఆరేశాడు. నాకు కడుపు మండిపోయింది.

మరి దరఖాస్తు పెట్టుకోలేకపోయావా అంటే, ఫౌండేషన్‌కు ఒక నియమం ఉంది. అక్కడ పనిచేసేవాళ్ల బంధువులకు ఏ సాయమూ అందదు. గది రాదు, పనిముట్లు రావు. మా అమ్మాయి క్లాసులో ఫస్టు వచ్చినా ఫీజు రాలేదు. బయట కొట్టు అద్దెకు తీసుకుందామని రెండుసార్లు డబ్బులు కూడబెట్టాను. మొదటిసారి అత్తగారి ఆపరేషనుకు, రెండోసారి అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాయి. దేనికీ విచారించలేదు. అత్తగారు ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు, అమ్మాయి పక్క ఊళ్లో టీచరయింది. కానీ నాలుగో గది ముందు నుంచి నడిచిన ప్రతిసారీ, ఎవరో నా కంచం ముందు కూర్చుని తింటున్నట్టే ఉండేది.

ఇంకో సంగతి. ఫౌండేషన్ ఏటా కుట్టుమిషన్లు ఇస్తుంది. అవి పాడవుతాయి కదా. బాగుచెయ్యడానికి ఎక్కడికెళ్లాలని అడిగితే, “మా ఇంట్లో చూస్తారు” అంటారు మా ఆయన. మా ఇంట్లో అంటే నేను. వాళ్లు మిషన్లు రిక్షాలో వేసుకుని వచ్చేవాళ్లు. నేను బాగుచేసేదాన్ని, ఒక్క పైసా తీసుకోకుండా. సాయం పొందినవాళ్ల దగ్గర ఉద్యోగి భార్య డబ్బు తీసుకుంటే చూడ్డానికి బాగోదని ఆయన మొదట్లోనే చెప్పారు. సరేనన్నాను. వెళ్లేటప్పుడు వాళ్లు చేతులు జోడించి, ఫౌండేషన్ చల్లగా ఉండాలి అనేవాళ్లు. ఫౌండేషన్ బియ్యం డబ్బా పక్కన కూర్చుని నడుము పట్టుకుని లేచేది.

ఏటా దరఖాస్తుల రోజు వచ్చే ముందు మా ఇంట్లో ఒక గొడవ జరిగేది. గొడవంటే నేను మాట్లాడతాను, ఆయన చొక్కా మడతలు సర్దుకుంటారు. ఆ నియమం అంత మొండిగా ఉండాలా, చుట్టరికం చూడకుండా పనిని చూసి ఇవ్వకూడదా అని అడిగితే, “ఉన్న నియమం, ఏం చేస్తాం” అనేవారు. చివరికి ఎప్పుడూ ఒకే మాటతో ముగించేవారు. “నేను దిగిపోయాక పెట్టుకుందువుగానిలే. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపరు.” నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పన్నెండేళ్లు, ఇంకా ఏడేళ్లు, ఇంకా మూడేళ్లు. అందరి పెళ్లాలూ మొగుడు రిటైరైతే ఇంట్లో కాళ్లకు అడ్డం పడతాడని భయపడతారు. నేను కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూశాను.

ఈ ఏడు, రిటైర్మెంటుకు ఇక అయిదు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం టైపు అత్తయ్య తన మిషను తెచ్చింది. ఆవిడ ఒకప్పుడు ఫౌండేషన్‌లో టైపిస్టు. ఉద్యోగం వదిలి పదేళ్లయినా పేటంతా టైపు అత్తయ్యనే అంటారు. నోట్లో మాట దాగదు, చేతిలో పని ఆగదు. మిషను కుట్లు దాటేస్తోందని చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుని, పేటలో అందరి సంగతులూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. సూదీ షటిలూ కలవాల్సిన చోట కలవడం లేదు. నేను అడుగుపలక విప్పి చూస్తున్నాను.

“ఈసారి నాలుగో గది ఖాళీ అవుతోందట. నోటీసు అంటించారు” అంది అత్తయ్య. “నువ్వుంటే దానికి కళ వచ్చేదమ్మా. ఆ రోజు మీ ఆయన నోరు మూసుకుని ఉంటే ఎప్పుడో వచ్చేది.”

ఏ రోజని అడిగాను. నాకు తెలియదని ఆవిడకి తెలియదు. తెలిశాక లేచి వెళ్లబోయింది. కానీ మొదలుపెట్టిన మాటను మధ్యలో ఆపడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

ఫౌండేషన్ పెట్టిన కొత్తలో పెద్దాయన మేనల్లుడు ఒక గది తీసుకున్నాడట. మేజోళ్లు అల్లిస్తానన్నాడట. మేజోళ్లు లేవు, అల్లిక లేదు, గదిలో స్నేహితులను పోగేసి పేకాట. ఊరంతా నవ్వింది. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. మీటింగు పెట్టి ఏం చేద్దామని అందరినీ అడిగారు. పెద్దవాళ్లంతా ఎదుటి కాగితాలు తిరగేస్తుంటే, ఉద్యోగంలో చేరి మూడేళ్లు కూడా నిండని గుమాస్తా ఒకడు లేచి నిలబడ్డాడు. మీ బంధువులే కాదు, ఇక్కడ పనిచేసే ఎవరి బంధువులకూ ఇవ్వకూడదని రాయండి, నాతోనే మొదలుపెట్టండి అన్నాడు.

“పెద్దాయన మంచివాడమ్మా. ‘అబ్బాయ్, నీకు ఈ మధ్యే పెళ్లయింది. ఆ అమ్మాయికి మిషన్ల పని వచ్చని విన్నాను. ఒకసారి ఆలోచించుకో’ అన్నాడు. మీ ఆయన ‘ఆలోచించానండి’ అన్నాడు. ఆ కాగితం టైపు చేసింది నేనే.”

నేను షటిల్ సరిచేసి, పలక బిగించి, గుడ్డముక్క వేసి తొక్కి చూపించాను. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. ఒళ్లు మండినప్పుడు నా చేతిలో పని ఇంకా బాగా కుదురుతుంది. అత్తయ్య డబ్బులివ్వబోతే ఆవిడ మిషను ఫౌండేషన్‌ది కాదు కాబట్టి తీసుకున్నాను.

ఆలోచించానండి. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. నియమం పెట్టడం తప్పని నేననను. మేనల్లుళ్ల సంగతి నాకూ తెలుసు. కానీ అప్పటికి మా పెళ్లయి ఆరు నెలలు. కొక్కేలకు బెల్టులు తగిలించడం గురించి నేను ఆయనకు చెప్పింది ఆ నెలల్లోనే, ఫ్యాక్టరీ వీధిలో పక్కపక్కన నడుస్తూ. అన్నీ విన్నారు. విని, వెళ్లి, పదిమంది ముందు ఆలోచించానండి అన్నారు. నాతో ఆలోచించలేదు. నా గురించి ఆలోచించారంటే అదీ నేను నమ్మను. తన నిజాయితీ గురించి ఆలోచించుకున్నారు. ఇన్నేళ్లూ ‘ఉన్న నియమం’ అన్నారు కానీ, ఎవరో పెట్టిన నియమం అని ఒక్కసారీ అనలేదు. అబద్ధం ఆడలేదు. అదే మరీ ఒళ్లు మండించింది.

ఆ సాయంత్రం నోటీసు చూడ్డానికి వెళ్లాను. ఆయన రాసిందే, ఆ అక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను. దరఖాస్తు రోజుకు యాభై ఏళ్లు నిండకూడదని అందులో ఉంది. ఆ షరతు ఎప్పుడూ ఉన్నదే, నేనే పట్టించుకోలేదు. అక్కడే నిలబడి లెక్కవేశాను. ఆయన దిగిపోయేది అయిదు నెలలకు. మళ్లీ దరఖాస్తుల రోజు వచ్చేది ఏడాదికి. ఆ రోజుకు నాకు యాభై నిండి నలభై రోజులవుతుంది. మళ్లీ లెక్కవేశాను. ఎన్నిసార్లు వేసినా అంతే. వందల మంది వయసులు సరిచూసే మనిషి, నేను దిగిపోయాక పెట్టుకో అని పదిహేనేళ్లుగా చెబుతున్న మనిషి, నా వయసు ఒక్కసారి కూడా లెక్కవేసుకోలేదు. నేనూ వేసుకోలేదు. ఆయన వేసే ఉంటారని నమ్మాను.

దరఖాస్తుల రోజు నాలుగు రోజుల్లో ఉంది. ఆ నాలుగు రోజులూ నేను నోరు విప్పలేదు. మూడో రోజు ఏమైందని అడిగారు. ఏం లేదన్నాను. సరేనని పేపరు తీసుకున్నారు. ఏం లేదంటే ఏదో ఉందని తెలియాలంటే ఆ ముక్క కూడా దరఖాస్తులో రాసి ఇవ్వాలి కాబోలు.

సోమవారం ఆయనకు అన్నం డబ్బా సర్ది పంపి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని, నేనూ వెళ్లాను. పాత ఫ్యాక్టరీ హాలులో లైను తలుపు దాటి వీధిలోకి వచ్చింది. అక్కడ పద్ధతి ఏమిటంటే, ప్రతివాళ్లూ తమ పనిని కళ్లారా చూసిన మనిషిని ఒకరిని సాక్షిగా తెచ్చుకోవాలి. కాగితాల కంటే మనిషి మాట గట్టిదని పెద్దాయన నమ్మకం. బల్లకు ఇవతల రెండు కుర్చీలు వేస్తారు, ఒకటి దరఖాస్తు పెట్టేవాళ్లకు, ఒకటి సాక్షికి. అందుకే లైనంతా జంటలు జంటలుగా ఉంది. నేనొక్కదాన్నే ఒంటరిగా నిలబడ్డాను. సాక్షిగా టైపు అత్తయ్యను అడగొచ్చు. అడిగితే మధ్యాహ్నానికి పేటంతా హాలులో ఉండేది.

నా ముందున్నావిడ వెనక్కి తిరిగి నన్ను గుర్తుపట్టింది. వాళ్ల అక్క మిషను నేనే బాగుచేశానట. సార్‌కి డబ్బా తెచ్చారా, నేను లోపలికి పంపిస్తాను ఇవ్వండి అంది. లేదమ్మా, నేనూ లైన్లోనే ఉన్నానని చెప్పాను. నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆయన్ని దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. ఒక కుర్రాడు చెక్క బొమ్మలు చేస్తాడట, మాట తడబడుతోంది. ఆయన ముందుకు వంగి, తొందరలేదు బాబూ, నెమ్మదిగా చెప్పమన్నారు. ఆ కుర్రాడి మొహం విప్పారింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంత చక్కగా వినే మనిషి నాకెందుకు దొరకలేదని కాదు. దొరికాడు. బల్లకు అటువైపు దొరికాడు.

నా వంతు వచ్చింది. ఆయన తలెత్తి చూసి కంగారుగా ఇంట్లో ఏమైందని అడిగారు. ఏం కాలేదు, దరఖాస్తు పెట్టడానికి వచ్చానన్నాను. లైను వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

“సాయంత్రం మాట్లాడుకుందాం.”

“సాయంత్రం మీరు నా మొగుడు. నాకు పనున్నది ఇక్కడి ఆఫీసరుతో.”

“నియమం నీకు తెలుసు కదా.”

“తెలుసు. ఎవరు పెట్టారో కూడా మొన్ననే తెలిసింది. ఆలోచించానండి అన్నారట.”

నేను అనాలనుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి, నాలుగు రోజులు వరసగా పేర్చుకున్నాను. కానీ ఆయన కలానికి మూత పెట్టి లేచి నిలబడ్డారు. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయిని పిలిచారు. ఆ పిల్ల ఇదే ఫౌండేషన్ డబ్బుతో చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరింది, పని నేర్పింది ఆయనే. “ఈ దరఖాస్తు నేను తీసుకోకూడదమ్మా. నువ్వు కూర్చో” అని, బల్ల వదిలి నడిచారు.

వెళ్లిపోతున్నారనుకున్నాను. నియమం అడ్డం పెట్టుకుని ఇప్పుడు కూడా తప్పించుకుంటున్నారని అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన బల్ల చుట్టూ తిరిగి ఇవతలకి వచ్చారు. నా పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నారు.

అమ్మాయి ఆయన్ని చూసింది, నన్ను చూసింది, కాగితం బల్ల మీద సరిచేసుకుంది. నేర్చుకున్న వరసలోనే ప్రశ్నలు అడిగింది. వయసు, పుట్టిన తేదీ, పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్ల అనుభవం. తర్వాత ఏం చేయాలనుకుంటున్నారని అడిగింది. ఇన్నేళ్లు దాచుకున్న జవాబు కదా, అరగంట చెబుతాననుకున్నాను. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. బల్ల, దీపం, కొక్కేలకు బెల్టులు, బోర్డు. ఇద్దరు ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మిషను చప్పుడు వినడం నేర్పాలనుందని కూడా చెప్పాను. ఆ ముక్క నేను ఇంట్లో ఎప్పుడూ అనలేదు. ఆయన నా వైపు తిరగడం తెలిసింది, నేను చూడలేదు.

“సాక్షి?” అంది అమ్మాయి, చిన్న గొంతుతో.

“నేను” అన్నారు ఆయన.

“మీరేం చూశారు సార్?”

ఆయనకు మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. నేను ఎప్పుడూ చూడని సంగతి అది. “మనం ఇచ్చిన మిషన్లు బాగా నడుస్తున్నాయని ఏటా రిపోర్టులో రాశాను. ఎందుకు నడుస్తున్నాయో ఒక్క ఏడూ రాయలేదు” అన్నారు. “పైసా తీసుకోవద్దన్నాను, తీసుకోలేదు. ఒకసారి చేతికి కట్టుతో కూడా చేసింది. ఈ పని ఇంత బాగా తెలిసినవాళ్లను ఈ బల్ల దగ్గర నేను చూడలేదు. అది రాసుకో.”

అమ్మాయి రాసుకుంది. చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. ఫౌండేషన్‌లో బంధువులెవరైనా పనిచేస్తున్నారా అని. ఉన్నారన్నాను. వరస ఏమిటని ఆ పిల్ల అడగలేకపోయింది. భర్త అని నేనే చెప్పాను. ఆ పిల్ల స్టాంపు చేతిలోకి తీసుకుని ఆయన వైపు చూసింది, ఒక్క మాట అనండి సార్, పక్కన పెట్టేస్తాను అన్నట్టు.

“వెయ్యమ్మా” అన్నారు ఆయన.

వెయ్యమంటారని నాకు తెలుసు. తెలిసీ ఆశపడ్డాను. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఒక్కసారి, నా కోసం ఒక్క తప్పు పని చేస్తారేమోనని ఆ కుర్చీలో కూర్చుని ఆశపడ్డాను. చేస్తే ఆయన మీద నాకున్న గౌరవం ఏమయ్యేదో నాకు తెలియదు, అప్పుడు నాకు అక్కర్లేదు కూడా. స్టాంపు పడింది. అనర్హులు అని నీలం సిరాలో, నా పేరు పక్కనే.

అమ్మాయికి పాపం బాధగా ఉంది. ఏదైనా మంచిమాట చెప్పాలనుకుంది. “వచ్చే ఏడుకి సార్ ఇక్కడ ఉండరు కదమ్మా, అప్పుడు నియమం అడ్డురాదు, మీరు మళ్లీ...” అంటూ కాగితం మీద వేలు పెట్టింది. వేలు పుట్టిన తేదీ దగ్గర ఆగింది. మాట కూడా అక్కడే ఆగింది.

ఆయన ఆ వేలు వైపు చూశారు. తేదీలు చూసి వయసు చెప్పడానికి ఆయనకు రెప్పపాటు చాలు. ఈసారి చాలాసేపు పట్టింది. పెదవులు కదిలాయి, మళ్లీ లెక్కవేశారు. నోటీసు అంటించిన గోడ ముందు నేను వేసిన లెక్కే. అక్కడ నేను ఒంటరిగా ఎలా నిలబడ్డానో అప్పుడు ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది.

కాగితంలో ఇంకో గడి ఖాళీగా ఉంది, తిరస్కరణకు కారణం అని. మామూలుగా అందులో నియమం నంబరు వేస్తారు. అమ్మాయి కలం పెట్టింది.

“నంబరు వెయ్యకు. నా పేరు రాయి” అన్నారు ఆయన.

“అలా రాయకూడదేమో సార్.”

“రాయొచ్చు. నియమం దానంతటది పుట్టలేదు. పూర్తి పేరు రాయి, ఇంటిపేరుతో సహా.”

ఆ పిల్ల రాసింది. రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి, ఆయన దగ్గర నేర్చుకున్న పిల్ల అయినా. నా పేరూ ఆయన పేరూ ఒకే కాగితం మీద పెళ్లి రిజిస్టరు తర్వాత మళ్లీ నాకు అక్కడే కనబడ్డాయి. ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని తల దించుకుని ఉన్నారు. చెవుల దగ్గర జుట్టు ఎప్పుడు ఇంత నెరిసిందో నేను గమనించలేదు. నా కోపం తీరలేదు. తీరుతుందనుకుని వచ్చాను, తీరలేదు. కొట్టు మీద ఆశా పోలేదు. ఇక రాదని తెలిశాక అది నాకు మరీ కావాలనిపించింది. ఒంట్లో ఎక్కడుందో చెప్పలేని నొప్పిలా కావాలనిపించింది. అది కావాలని ఆ హాలులో ఇప్పుడు ఇద్దరం కోరుకుంటున్నాం, అంతే తేడా.

వెనకాల లైను కదలడం లేదని ఎవరో గొణిగారు.

“లేవండి, తర్వాతివాళ్లు కూర్చోవాలి” అన్నాను.

ఆయన లేవలేదు. నేనూ లేవలేదు.